కొండ ఎక్కని సాక్షి

కర్నూలులో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ఎవరికీ చెప్పకుండా ఒక నవల రాశాను. క్లాసులు లేని మధ్యాహ్నాలు హాస్టల్లో అందరూ పడుకున్నప్పుడు, పెద్ద నోటుపుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని నవాబుల కాలంలోకి పోయేదాన్ని. కర్నూలు నుంచి కడపకు పోయే బాటలో బిడారులను కొల్లగొట్టే ఒక ముఠా, దాన్ని పట్టుకోవడానికి బయలుదేరిన ఒక అమీను, అంటే ఆ కాలపు పోలీసు అధికారి, అదీ కథ. నా అమీను మాటలు తక్కువ మనిషి. గుర్రపు లద్దె చూసి అది ఏ ఊరి గడ్డి మేసిందో చెప్పగలడు. ముఠా నాయకుడు మాత్రం పగటిపూట ధర్మాత్ముడు. మసీదుకూ మఠానికీ దీపాల నూనె ఆయనే ఇస్తాడు.

పదకొండు అధ్యాయాలు గడగడా రాసుకుంటూ పోయాను. పన్నెండో దాంట్లో అమీను ఆ నాయకుణ్ణి ఖాజీ ముందు నిలబెట్టాడు. ఖాజీ ఒకే ప్రశ్న అడిగాడు: "చూసినవాళ్లు ఎవరు?" అమీను దగ్గర అడుగుజాడలున్నాయి, తెగిన తాడుంది, రక్తం మరకలున్న సంచి ఉంది. చూసినవాడు లేడు. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. నవల అక్కడే ఆగిపోయింది. డిగ్రీ అయిపోయింది. నేను ఇంటికి వచ్చేశాను.

మా ఊరు కడప జిల్లాలో కొండల కింద ఉంటుంది. ఆ కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది. అది ఎవరు కొట్టిస్తారో, ఎవరి లారీల్లో పోతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరూ పేరు పలకరు, ఆ పెద్దమనిషి అన్నట్టు "ఆయప్ప" అంటారంతే. ఎర్రగుంట్లలో ఆయనకు సిమెంటు లారీలు ఉండేవి. మా ఊరి గుడి ముందు చలివేంద్రం ఆయనదే. మా చర్చికి మైకు సెట్టు ఇచ్చిందీ ఆయనే. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా మా ఊరి అడవి కాపలా మనిషి ఒకడు వాగులో చచ్చిపడి కనిపించాడు. కాలు జారి పడ్డాడని రాసుకున్నారు. ఆ వాగులో నీళ్లు పారి రెండేళ్లయింది. పడితే మోకాళ్లు చెక్కుకుపోతాయి తప్ప ప్రాణం పోయే లోతు కాదు.

మా నాయన ఆ ఊరికి వీఆర్వో. నాలాగే మాటలు తక్కువ.

దొంగ సరుకు దొరికితే పోలీసులు అక్కడికక్కడే ఒక కాగితం రాయాలి. ఏం దొరికింది, ఎవరి దగ్గర, ఏ చోట, ఏ గంటకు అని. దాన్ని కళ్లారా చూసిన ఇద్దరు బయటివాళ్లు కింద సంతకం పెట్టాలి. అదే పంచనామా. ఊళ్లోవాళ్లు ఎవరూ ఆ సంతకానికి రారు. కోర్టు చుట్టూ తిరగాలన్న బెంగ ఒకటి, ఆయప్ప కంట్లో పడతామన్న భయం ఒకటి. అందుకని వీఆర్వోలను పిలిపిస్తారు. పిలిపిస్తారంటే కొండ మీదికి కాదు. కొండ మీదికి పోలీసుల వెంట పోయేది తలారి. దారి తెలిసినవాడు, నీళ్ల క్యాను మోసేవాడు అతనే. వీఆర్వో సాయంత్రం తీరిగ్గా స్టేషనుకు పోయి, టీ తాగి, రాసిపెట్టిన కాగితం మీద సంతకం చేసి వస్తాడు. నాయన ముందున్నాయన అట్లే చేశాడు, నాయనా అట్లే చేశాడు. దుంగలు నిజం, దొరికిన చోటు నిజం, దొరికినవాళ్లు నిజం. అక్కడ నేనున్నాను అనే మాట ఒక్కటే నిజం కాదు. దాన్ని అబద్ధం అని ఎవరూ అనుకోలేదు. అది పని జరిగే పద్ధతి.

నేను డిగ్రీ ముగించి ఇంటికి వచ్చిన ఏడు కొత్తగా వచ్చిన ఎస్సై మొదటి ఉద్యోగంలో ఉన్న పిల్లాడు. కోసిగి వైపు మనిషి. చిన్నప్పుడు అమ్మానాయనలతో మిరపకాయల కోతకు వలసపోయి, అక్కడి బడుల్లో కొన్నాళ్లు, సొంతూరి బడిలో కొన్నాళ్లు చదువుకున్నానని మా అమ్మతో చెప్పాడు. అతను ఎనిమిది నెలలు తిరిగి, ఒక ఆదివారం పొద్దున పదకొండున్నరప్పుడు కొండ మొదట్లో, లారీలోకి దుంగలు ఎక్కిస్తుండగా ఆయప్పను స్వయంగా పట్టుకున్నాడు. అట్లా పట్టుబడటం అదే మొదటిసారి. ఊరంతా నమ్మలేనట్టు చూసింది. ఆ సాయంత్రం స్టేషను నుంచి కబురొస్తే నాయన పోయి సంతకం పెట్టి వచ్చాడు. రెండో సంతకం పక్క ఊరి వీఆర్వోది. కేసు విచారణకు రాకముందే ఆయన గుండెపోటుతో పోయాడు. మిగిలింది నాయన ఒక్కడే.

ఏడాదిన్నర తర్వాత, ఎండాకాలంలో, నాయనకు సమన్లు వచ్చాయి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన బనగానపల్లె మామిడిపండ్ల బుట్టతో మా ఇంటికి వచ్చాడు. ఆయప్ప మనిషే. చెప్పులు బయట విడిచి, నీళ్లడిగి తాగి, నింపాదిగా కూర్చున్నాడు. నేను తలుపు పక్కన ఉన్నాను.

"మాకు వేరే ఏం వద్దన్నా," అన్నాడు. "జరిగింది జరిగినట్టు చెప్పు చాలు. ఆ పొద్దు నువ్వు కొండ మీద లేవు కదా. మీ కోతపండగ. చర్చిలో వేలంపాట పాడించినావు. ఊరంతా చూసింది. నిజం చెప్పమంటాండాం, అంతే."

ఆ మనిషి లేచాక అమ్మ బుట్ట తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"తీసకపో అప్పా. మా ఇంట్లో అందరికీ పండ్లు పడవు, వేడి చేస్తాది."

"ఇన్ని పండ్లు ఎవురికీ పడకుండా ఉంటాయా అక్కా?"

"మాకు పడవు."

అతను నవ్వి, బుట్ట ఎత్తుకుని పోయాడు. గుమ్మం దగ్గర తిరిగి చూసి, "ఇంగో మాట. పాపకు ఏమన్నా ఉద్యోగం చూస్తాండారా?" అని అడిగాడు. అమ్మ తలుపు వేసింది.

నాయన లేచి గడియ పెట్టి వచ్చాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నువ్వు రోజూ రాస్తాంటావే, ఆ పుస్తకంలో ఆ ఆదివారం సంగతి రాసినావా?"

నాకు చెవులు వేడెక్కాయి. నేను డైరీ రాస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని ముట్టుకోరు, దాని గురించి అడగరు. అది మా ఇంట్లో ఒక మర్యాదలాంటిది.

"పండగ ఆ ఆదివారమేనా, దాని ముందు ఆదివారమా అని నాకు అనుమానం," అన్నాడు. "ఒకవేళ పాట తొందరగా అయిపోయిందేమో. పదకొండుకు నేను బయటికొచ్చి ఉండొచ్చు గదా."

ఆయన అడుగుతున్నది అనుమానం కాదని నాకు తెలిసింది. ఆయనకు ఒక సందు కావాలి. పుస్తకం తెచ్చి పేజీ తీశాను. అప్పుడు నాలో కూడా ఒక ఆలోచన కదిలింది. రాయలేదు అంటే సరిపోతుంది. లేకపోతే గంట మార్చి చదివితే సరిపోతుంది. నా అక్షరాలు నాకు తప్ప ఎవరికీ సరిగ్గా అర్థం కావు. వాగులో పడి చచ్చిపోయిన మనిషి భార్య మా వీధిలోనే ఉంటుంది. ఆ పొద్దున కూడా బోరింగు దగ్గర చూశాను. ఒక్క మాట మారిస్తే ఆయప్ప జైలుకు పోతాడు.

ఉన్నది ఉన్నట్టే చదివాను. నా రాత నేను బయటికి చదవడం అదే మొదలు.

"ఈ రోజు కోతపండగ. ఆరాధన పదిన్నరకు అయ్యింది. తర్వాత అందరూ తెచ్చిన కానుకల వేలం. నాయన ఇంట్లో మాట్లాడడు గానీ వేలం వేసేటప్పుడు వేరే మనిషి. గుమ్మడికాయను చంకలో పెట్టుకుని, ఇది తింటే అల్లుడు చెప్పిన మాట వింటాడు అన్నాడు, అందరూ నవ్వారు. తాత వాళ్ల కోడి తప్పించుకుని బల్ల కిందికి దూరింది. దాన్ని పట్టుకునేసరికి పన్నెండు దాటింది. తాత రాలేదు, అవ్వ ఒక్కతే వచ్చింది. ఒంటిగంటకు భోజనాలు."

చదవడం ఆపాను. నాయన "కోడి" అన్నాడు మెల్లగా, అదేదో మర్చిపోయిన వస్తువు దొరికినట్టు. కాసేపటికి, "తాత రాలేదు అని ఎందుకు రాసినావు?" అని అడిగాడు.

తాత అంటే మా ఊరి తలారి. నాకు చుట్టరికంలో తాత కాడు, చిన్నప్పటి నుంచి అట్లా పిలవడం అలవాటు. ఎప్పుడూ పండక్కి రాకుండా ఉండడు కాబట్టి రాసుంటాను. ఆ పొద్దు అతను ఎక్కడున్నాడో నాయనకు తెలుసు. పోలీసుల వెంట కొండకు పంపింది నాయనే.

ఇద్దరం తాత ఇంటికి పోయాం. అతను వేపచెట్టు నీడలో కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆఫీసులో నాయనను సార్ అంటాడు, ఇంటి దగ్గర అల్లుడా అంటాడు.

"రా అల్లుడా. పాపను కూడా తెచ్చినావే. ఏం, నా మీద ఏమన్నా కేసా?"

"మామా, ఆ పొద్దు నువ్వు ఏం చూసినావు?" అన్నాడు నాయన.

"ఏ పొద్దు?"

"ఆయప్పను పట్టుకున్న పొద్దు."

తాత తాడు పేనడం ఆపలేదు. "చూడాల్సింది చూసినా. దుంగలు లారీలోకి ఎక్కిస్తాండారు. పైన గడ్డి కప్పుతాండారు. ఆయప్ప నిలబడి లెక్క చెప్పిస్తాండాడు. నన్ను చూసి, ఏం పెద్దాయనా, నువ్వు కూడానా అన్నాడు. నేనేమంటా? నీళ్లు తాగుతావా అన్నా. తాగినాడు."

"ఎంత దూరంలో?"

"నీళ్లు తాగినాడంటాండా కదా. దూరం యాడుంటాది?"

"ఈ సంగతి ఎవురికన్నా చెప్పినావా?"

"నన్నెవురు అడిగినారు?"

నాయన నేల వైపు చూశాడు. ఇన్నేళ్లూ కొండలెక్కింది ఇతను, సంతకం పెట్టింది తాను. పంచనామాలో తలారి పేరు ఎవరూ రాయరు. అతను సాక్షి అని ఎవరికీ తోచదు. పోలీసులకు తోచలేదు, మా నాయనకూ తోచలేదు. నా అమీనుకు కూడా తోచలేదు. బిడారుల్లో ఒంటెలను తోలేవాళ్లను, నీళ్లు తోడేవాళ్లను ఊరికే పెట్టాను, ఒక్కరితోనూ ఒక్క మాట మాట్లాడించలేదు.

"కోర్టులో నేను లేనని చెప్తా మామా," అన్నాడు నాయన. "నువ్వుండావని చెప్తా. చెప్పమంటావా, వద్దంటావా? నువ్వు వద్దంటే నీ పేరు ఎత్తను."

"నువ్వు ఉండానని చెప్తే సరిపోతాది కదా. కాగితం మీద ఉండాది."

"దేవుని మీద ప్రమాణం చేసి చెప్పాల మామా."

అవ్వ లోపలి నుంచి బయటికి వచ్చింది. "ఆ వాగులో పడినోడు గుర్తుండాడా?" అని అడిగింది, ఇద్దరిలో ఎవరిని అడిగిందో తెలియలేదు. తాత తాడు కింద పెట్టాడు.

"సమన్లు నా పేరు మీద రావల్ల," అన్నాడు. "ఎవురో వచ్చి, రా ముసలోడా, అంటే రాను. నా పేరు, మా నాయన పేరు, ఊరు, అన్నీ రాసి రావల్ల. అట్లొస్తే వస్తా."

మరుసటి రోజు నాయన ఎస్సైని ఇంటికి పిలిచి, ఆ పొద్దు తాను చర్చిలో ఉన్నాననీ కోర్టులో అదే చెప్తాననీ చెప్పాడు. అతను వేరే స్టేషనుకు మారినా కేసు కోసం వస్తూ పోతూ ఉన్నాడు. వింటూ వింటూనే కుర్చీలో కిందికి జారిపోయాడు.

"సార్, కేసు మొత్తం ఆ కాగితం మీద నిలబడుండాది. మీరు లేరంటే కాగితం పోతాది. నా నౌకరీ పోతాది. అది పోనీలే, దుడ్ల కోసం చేసిన పని కాదు ఇది. ఆయప్ప బయటికొస్తాడు సార్. ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నేను తలారి పేరు రాసుకుందును కదా."

"ఆ పొద్దు నువ్వు అడగల్యా, నేను చదవల్యా," అన్నాడు నాయన.

ఎస్సై అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీకు కోతపండగ అనేది ఒకటి ఉంటాదని కూడా నాకు తెలీదు సార్," అని లేచిపోయాడు. కోపంగా అనలేదు. అతన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

కోర్టుకు నాయన వెంట నేను పోయాను. బోనులో నిలబడ్డాక ఆయన గొంతు వెనక బెంచీలకు వినపడలేదు. జడ్జి గారు గట్టిగా చెప్పమన్నారు. నాయన గొంతు పెంచి, "నేను కొండకు పోలేదండీ. సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టినాను. చదవకుండా పెట్టినాను," అన్నాడు. ఆయప్ప వకీలు ముఖం వెలిగింది. నిలబడ్డచోటనే ఆయప్ప ఒకసారి కళ్లు మూసుకుని తెరిచాడు. ప్రాసిక్యూషను వకీలు విసుగ్గా కాగితాలు తిప్పుతుంటే నాయన మళ్లీ నోరు తెరిచాడు. "మా తలారి పోయినాడండీ. ఆయప్ప చేతికి నీళ్లిచ్చినాడు. అతన్ని అడగండి."

అవతలి వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. జడ్జి గారు రాసుకున్నారు. అంతే జరిగింది. అరగంట కూడా పట్టలేదు.

మరుసటి రోజు పేపరు జిల్లా పేజీలో వీఆర్వో అడ్డం తిరిగాడని రాశారు. ఎంత తీసుకున్నాడో అని ఊళ్లో అనుకున్నారు. వాగులో పడినాయన భార్య బోరింగు దగ్గర నన్ను చూసి బిందె ఎత్తుకుని వెనక్కి పోయింది. ఆమెకు ఏం చెప్పాలి? మామిడిపండ్లు వెనక్కి పంపామని చెప్పాలా? ఇంటికి వచ్చి డైరీలో ఆమె గురించి రెండు పేజీలు రాశాను. ఆమెతో మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయాను. నెల తిరక్కుండానే నాయనకు సస్పెన్షను కాగితం వచ్చింది. తప్పుడు సంతకం పెట్టినందుకు. ఆయన దాన్ని పూర్తిగా చదివి మడిచి పెట్టాడు.

తాతకు సమన్లు వచ్చాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ రాసి. అతను దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మాకు చూపించడానికి తెచ్చాడు. "మా నాయన పేరు తప్పు రాయల్యా," అన్నాడు. నేను రెండుసార్లు చదివి వినిపించాను.

అతని సాక్ష్యం రోజు కూడా నేను పోయాను. ఆయప్ప వకీలు నవ్వుతూ మొదలుపెట్టాడు.

"గడియారం చూడటం వస్తుందా పెద్దాయనా?"

"రాదు సామీ. పొద్దు చూడటం వస్తాది."

"ఈ మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?"

"నువ్వు నాకు ఉన్నంత దూరంలో."

"నీకు కళ్లు సరిగ్గా కనపడతాయా?"

"నీ కోటుకు రెండో గుండీ ల్యా సామీ."

ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. వకీలు చెయ్యి తనకు తెలియకుండానే కోటు మీదికి పోయింది. తర్వాత అడిగినవన్నీ వేగంగా అడిగాడు. తాత ఒక్కదానికీ తొందరపడలేదు.

తీర్పులో, తప్పు తమదే అని ఒప్పుకున్న లారీ డ్రైవరుకూ దుంగలెక్కించిన ఇద్దరికీ శిక్ష పడింది. ఆయప్పకు పడలేదు. పంచనామాయే తప్పు అని తేలినప్పుడు, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి నోరు విప్పిన ఒక్క సాక్షి మాట మీద ఆయనను దోషి అనలేమని, సందేహమున్నచోట ఆ లాభం ఆయనకే ఇవ్వాలని రాశారు. తలారి మాటలో అబద్ధం కనిపించలేదని కూడా రాశారు. ఆ ఒక్క వాక్యం నేను తాతకు చదివి చెప్పాను. అతను విని, "మరి అబద్ధం కాదంటే వదిలిపెట్టడం ఎందుకు?" అని అడిగాడు. నాయన వైపు చూశాను. నాయన గోడ వైపు చూస్తున్నాడు.

తాతకు ఏమీ కాలేదు. ఆ ఏడంతా అవ్వ చీకటి పడకముందే తలుపు వేసుకునేది. ఆయప్ప చలివేంద్రం మళ్లీ తెరిచారు. నాయన దారి మార్చుకుని నడిచేవాడు. ఎస్సై ఎక్కడో శిక్షణ కేంద్రంలో ఉన్నాడని విన్నాం.

తీర్పు వచ్చిన ఏడు నెలలకు సస్పెన్షను ఎత్తేసి నాయనకు ఇంకో మండలంలో ఉద్యోగం ఇచ్చారు. అదీ కొండకింద ఊరే. మేము కాపురం అక్కడికి మార్చాం. మొన్న చలికాలంలో ఒక రోజు పదిగంటలప్పుడు కానిస్టేబులు ఒకాయన మోటరుసైకిలు మీద వచ్చి, అరుగు మీద కూర్చుని, సంచిలోంచి రాసిపెట్టిన కాగితం తీశాడు. ఎర్రచందనం దుంగలు పద్నాలుగు.

"సంతకం సార్. ఈడా, ఈడా."

నాయన కళ్లద్దాలు తెమ్మని నాకు సైగ చేశాడు. మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. కానిస్టేబులు రెండుసార్లు టైము చూసుకున్నాడు.

"దుంగలు యాడుండాయి?" అన్నాడు నాయన.

"కొండ మీదనే సార్, ఇంకా దించల్యా. నాలుగు మైళ్లు. మీరెందుకు సార్, మా వాళ్లుండారు."

"పోదాం పా."

"సార్, మీకు మోకాలి నొప్పి అని చెప్పినారు..."

"ఉండాది," అన్నాడు నాయన. లోపలికి పోయి కాన్వాసు బూట్లు తెచ్చుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "ఈ ఊరి తలారి పేరేంది? అతన్ని కూడా పిలువు. ఆ కాగితం మళ్లీ రాద్దాం, అక్కడికి పోయి."

కానిస్టేబులు నా వైపు చూశాడు, నేనేమైనా చెప్తానేమోనని. నేను నీళ్ల సీసా నింపడానికి లోపలికి పోయాను.